ఫ్లెక్సీ సింహం వద్దు, వీధి మేక చాలు

అనంతపురంలో దిగినా, ప్రొద్దుటూరులో దిగినా, ఆదోనిలో దిగినా బస్టాండు బయట ముందు పలకరించేది పుట్టినరోజు ఫ్లెక్సీనే. మధ్యలో అన్న నడిచొస్తుంటాడు. అన్న పక్కన సింహం నడిచొస్తుంటుంది. కింద వరసగా తమ్ముళ్ల తలకాయలు, ఒక్కోటి ఒక్కో వెలుతురులో తీసినవి. ఈసారి అన్నను వదిలేసి ఆ సింహాన్ని చూడండి. ఏ ఊళ్లో చూసినా అదే జూలు, అదే ఎత్తిన ముంగాలు, అదే చూపు. నెట్‌లో వెతకగానే మొదటి వరసలో వచ్చే బొమ్మ కాబట్టి అందరికీ అదే దొరికింది.

వెక్కిరింపుగా అనడం లేదు. మనిషిని ఒక ఫొటోలోంచి, జంతువును ఇంకో ఫొటోలోంచి తీసి ఒకే నేల మీద నిలబెడితే అది కొలాజే, అంటే ముక్కలు అతికించి కట్టిన బొమ్మ. జుట్టు అంచు చెదరకుండా కత్తిరించే డీటీపీ కుర్రాళ్ల పనితనానికి లోటు లేదు. లోటు సరుకులో ఉంది. పక్కింటి కూరను ఎంత ఒడుపుగా మన గిన్నెలోకి వంపుకున్నా అది మన వంట కాదు గదా. కొలాజ్‌లో సొంతమనేది అతికించే నేర్పులో ఉండదు, అతికించే ముక్కలో ఉంటుంది. ఆ మాట గాల్లో అంటే సరిపోదు కాబట్టి, ముక్క ఎక్కడ దొరుకుతుంది, ఎట్లా తీయాలి, ఎట్లా కోయాలి, మే నెల ఎండలో ఫెవికాల్ ఎందుకు మొండికేస్తుంది అన్నదాకా పోవాల్సిందే.

ఇంటి ఫొటోలకూ జంతువులకూ ముడిపెట్టడం ఇవాళ్టి సంగతి కాదు. 1854లో ఫ్రాన్సులో డిస్డేరి అనే ఫొటోగ్రాఫరు విజిటింగ్ కార్డంత ఫొటోలకు పేటెంటు తీసుకున్నాక కాగితం మీద ముఖాలు చవకయ్యాయి. 1860, 70లలో ఇంగ్లండు పెద్దిళ్ల ఆడవాళ్లు ఆ ముఖాలను కత్తిరించి, నీటిరంగులతో తాము వేసుకున్న బాతుల మెడల మీద అతికించి ఆల్బములు చేసుకున్నారు. ముఖాలు ఎరిగినవాళ్లవి, బాతులు తమ చేతి గీతలు. సరుకంతా ఇంట్లోదే. చిత్రకారుడు పికాసో తన బొమ్మలో కుర్చీ అల్లిక అచ్చేసిన ఆయిల్‌క్లాతు ముక్క అతికించింది 1912లో. కళాచరిత్ర పుస్తకాలు ఎక్కువగా అక్కణ్నుంచే లెక్క మొదలుపెడతాయి, ఈ ఆడవాళ్ల ఊసెత్తవు.

మన వైపు చూస్తే ఇంకా వెనక్కి పోవాలి. లేపాక్షి గుడిలో (ఇప్పుడది సత్యసాయి జిల్లా అయింది గానీ మాటవరసకు ఇంకా అనంతపురమే) ఒక ఆవు ఒంటికి మూడు తలలు చెక్కారు. రెండు తలలను చేత్తో మూస్తే మిగిలిన తల ఆ ఒంటికి అచ్చంగా సరిపోతుంది. ఏ రెండింటిని మూసినా అంతే. చేత్తో కోసే కొలాజ్ నేర్చుకునేవాళ్లు అక్కడ అరగంట నిలబడితే చాలా తెలుస్తుంది. ఒకే మెడ గీత మూడు తలలకు ఎట్లా పని చేస్తుందో చూడాలి.

సరే, పనిలోకి. సీమలో జీవాలంటే మేకలూ గొర్రెలే, వాటి కోసం ఊరు దాటనక్కర్లేదు. నిలబడి ఫోను కిందికి వంచి తీస్తే వచ్చేది వీపు, రెండు కొమ్ములు, పొట్టి కాళ్లు. అట్లాంటి ఫొటో దేనికీ కలవదు. గొంతుక్కూర్చుని ఫోనును మేక కంటి ఎత్తుకు దించాలి. మరీ దగ్గరికి పోతే ఫోను లెన్సుకు మూతి ఉబ్బిపోయి, ఒళ్లు వెనక్కి చిక్కిపోయినట్టు వస్తుంది. రెండు మూడు మీటర్ల దూరాన ఆగి, జూమ్ 2ఎక్స్ మీద పెట్టి, పక్కవాటుగా, నాలుగు కాళ్లూ విడివిడిగా కనిపించినప్పుడు నొక్కండి. కాళ్లు ఒకదాని వెనక ఒకటి పడితే కత్తిరించాక మూడు కాళ్ల మేక మిగులుతుంది. తర్వాత చెవి, కొమ్ము, గిట్ట, తోక విడిగా, దగ్గరగా తీసి పెట్టుకోవాలి. ఒక్క మేకకు పాతిక ముప్ఫై ఫొటోలు ఎక్కువేం కాదు. మేపేవాళ్లను ముందుగా అడగండి. ఏది నిలబడుతుందో, ఏది కుమ్ముతుందో వాళ్లకే తెలుసు.

వెలుతురు పొద్దున ఏడు నుంచి తొమ్మిది లోపల బాగుంటుంది. మిట్టమధ్యాహ్నం తీస్తే పొట్ట కింద నల్లటి మడుగు ఏర్పడి కాళ్ల పైభాగం అందులో కలిసిపోతుంది. నిజానికి మబ్బు రోజున తీసిన ఫొటోలు అన్నిటికన్నా మేలు, నీడ ఏ పక్కకూ వాలదు కాబట్టి ఏ పాత ఫొటోతోనైనా కలుస్తాయి. అనంతపురంలో మబ్బు కోసం కూర్చుంటే పని అయినట్టే. వేపచెట్టు నీడ చాలు. తెల్ల మేకను సున్నం గోడ ముందు తీయకండి, అంచు కనపడదు. ఎనుము అయితే ఇంకో చిక్కుంది. ఫోనులో నిగనిగలాడే నల్ల ఒళ్లు జిరాక్సు మిషన్లోంచి మసిముద్దగా బయటికొస్తుంది. ప్రింటుకు పంపేముందే ఫోనులో షాడోస్ (నీడల వెలుతురు) బాగా పెంచి, ఎనుము బూడిదరంగులోకి వచ్చేదాకా తేల్చాలి. తెర మీద అది పాలిపోయినట్టు కనిపిస్తే కాగితం మీద సరిగ్గా వస్తుంది.

కాళ్ల దగ్గర చాలామంది తప్పుతారు. మేక వెనక కాలు వెనక్కి వంగినట్టుండే చోట ఉన్నది మోకాలు కాదు, మడమ. అసలు మోకాలు పైన, పొట్టకు దగ్గరగా, తోలు కింద దాగుంటుంది. మనిషి కాలును మేక ఒంటికి గానీ, మేక కాలును మనిషి నడుముకు గానీ కలపాలనుకుంటే ఈ లెక్క తెలియాలి. తెలియకపోతే బొమ్మ కుంటుతుంది, చూసేవాళ్లకు ఎక్కడ కుంటుతోందో అర్థం కాదు. కళ్లూ అంతే. మేకకు కంటిపాప అడ్డగీత, పిల్లికి నిలువుగీత, కుక్కకు గుండ్రం. మనిషి ముఖంలో కన్ను తీసేసి మేక కన్ను పెడితే ఆ అడ్డగీత ఒక్కటే మొత్తం ముఖాన్ని మార్చేస్తుంది. మిగతా ఏమీ మార్చనక్కర్లేదు.

ఇక ఇంటి ఫొటోలు. అసలు ఫొటో మీద కత్తెర పెట్టకూడదు, ఎప్పటికీ. మళ్లీ తీయలేని సరుకది. పైగా ఇంట్లో పెద్దవాళ్ల ముందు తాత ముఖం మీద కత్తెర ఆడిస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. స్కానర్లో 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) పెట్టి తీస్తే 4×6 అంగుళాల ఫొటో 2400×3600 పిక్సెళ్లు వస్తుంది. దాన్ని 300 డీపీఐలో వేస్తే 8×12 అంగుళాల దాకా పగలకుండా పెరుగుతుంది, అంటే దాదాపు ఏ4 కాగితం నిండా. స్కానర్ లేకపోతే కిటికీ పక్కన నేల మీద పరిచి, ఫ్లాష్ ఆపి, ఫోను నేలకు సమాంతరంగా పట్టి తీయాలి. ఫొటో మీద మెరుపు కనిపిస్తే ఫోనును వంచకండి, ఫొటోను కిటికీ వైపు నుంచి పక్కకు తిప్పండి.

జిగురు పేజీల పాత ఆల్బముల్లో ఫొటోలు పట్టేసుకుని ఉంటాయి. గోరుతో లేపితే మూల విరుగుతుంది. సన్నటి నైలాన్ దారాన్ని రెండు చేతులా బిగించి పట్టుకుని, ఫొటో కిందుగా రంపంలా మెల్లగా లాగితే ఊడి వస్తుంది. అద్దానికి అంటుకుపోయిన ఫ్రేము ఫొటోలను మాత్రం లాగొద్దు. ఫొటో పైపొర జిలాటిన్, తేమకు మెత్తబడి అద్దానికి పట్టుకుని ఉంటుంది, లాగితే ముఖం అద్దంతోనే పోతుంది. అద్దం మీంచే స్కాన్ చేసుకోండి.

ఆ ఫొటోలోంచి ఏం తీసుకోవాలన్నది అసలు ప్రశ్న. అందరూ ముఖం తీసుకుంటారు. నా అభిప్రాయం వేరు. కొలాజ్‌లో అన్నిటికన్నా మొండి ముక్క ముఖమే. ఎక్కడ పెట్టినా చూపు దాని మీదికే పోతుంది, మిగతా ముక్కలన్నీ దానికి గోడకాగితంలా మిగిలిపోతాయి. చెయ్యి తీసుకోండి. కుర్చీ చేతి మీద అదిమి పట్టిన అవ్వ చెయ్యి, ఆ చేతి గాజులు. పాత స్టూడియో ఫొటోల్లో వెనకాల రంగులద్దిన తెర, ప్లాస్టిక్ పూలకుండీ, ఫొటో కోసమే ఎవరిదో తెచ్చి కట్టుకున్న వాచీ. ధర్మవరం చీర అంచు ఒక్కటే స్కాన్ చేసి పెద్దది చేస్తే నెమలి మెడకు కావలసిన వరసలన్నీ అందులోనే ఉంటాయి. ఇంట్లో చూసినవాళ్లు ఆ చీరను గుర్తుపడతారు, బయటివాళ్లు నెమలిని చూస్తారు. ఈ రెండు చూపులూ ఒకే ముక్క మీద పడటం నెట్ బొమ్మతో ఎన్నటికీ జరగదు.

జిరాక్సు షాపులో చెప్పాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి. వాట్సాప్‌లో ఫొటోను మామూలుగా పంపితే అది కుదించుకుపోతుంది, డాక్యుమెంటుగా పంపండి. లేజర్ ప్రింటా, ఇంక్‌జెట్టా అని అడగండి. లేజర్ మిషన్లో పడేది టోనరు అనే ప్లాస్టిక్ పొడి, వేడికి కరిగి కాగితాన్ని పట్టుకుంటుంది, జిగురు తడికి కరగదు. చవక ఇంక్‌జెట్ రంగు నీళ్లలాంటిది, జిగురు తగలగానే మేక చెవి రంగు తాత చొక్కాలోకి పాకుతుంది. అనుమానంగా ఉంటే తడివేలితో మూల రుద్ది చూడండి. కాగితం 80 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాములు) చాలు, 100 అయితే ఇంకా మంచిది, 130 దాటితే కోసిన అంచు గట్టులా లేచి నిలబడుతుంది. ఫొటో స్టూడియో మెరుపు కాగితం అసలు వద్దు. దానికి రెండు వైపులా ప్లాస్టిక్ పొర ఉంటుంది, ఫెవికాల్‌లోని నీళ్లు ఎటూ పోలేవు, వారానికి అంచులు లేస్తాయి.

ప్రతి ముక్కనూ మూడు సైజుల్లో తీయించుకోండి: 100 శాతం, 70, 50. సైజు కంటికి తెలిసేది బోర్డు మీద పెట్టినప్పుడే. షాపులో కుర్రాడు అలవాటుగా 'ఫిట్ టు పేజ్' నొక్కుతాడు. నొక్కాడంటే మూడు సైజులూ ఒక్కటే అవుతాయి.

ఇంకో మాట, దీని విలువ చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. అన్నీ ఒకే మిషన్లో, ఒకే రోజు, ఒకే కాగితం మీద బ్లాక్ అండ్ వైట్‌లో తీయించండి. 1930లలో మాక్స్ ఎర్నెస్ట్ అనే జర్మన్ చిత్రకారుడు మనుషుల ఒళ్లకు పక్షి తలలు, సింహం తలలు అతికించి చేసిన కొలాజుల్లో అతుకు దాదాపు కనపడదు. ఆయన వాడినవి దాదాపు అన్నీ పందొమ్మిదో శతాబ్దంలో చెక్క మీద చెక్కి అచ్చేసిన బొమ్మలే. తలకూ ఒంటికీ ఒకే రకం గీత, ఒకే నలుపు. 1975 నాటి స్టూడియో ఫొటోకూ నిన్న ఫోనులో తీసిన మేకకూ ఆ పొత్తు పుట్టుకతో ఉండదు, మిషను దగ్గరే కుదర్చాలి. ఇవాళ సగం, వచ్చే వారం సగం తీస్తే టోనరు పలచబడి నలుపు మారుతుంది. రంగు కావాలంటే విడిగా వేసుకోండి. ఫ్రెంచి చిత్రకారుడు మతీస్ చివరి ఏళ్లలో చేసిన పద్ధతి అదే: తెల్లకాగితాలకు ముందే గట్టి రంగు పూయించి, ఆరాక కత్తెరతో ఆకారాలు కోసేవాడు. మనకు పోస్టర్ కలర్ సీసా సరిపోతుంది. ఒక్క రంగు, మహా అయితే రెండు.

కత్తిరించడంలో తొందరపడేవాళ్లు బయటి గీత ముందు కోస్తారు. తిరగేసి చేయాలి. ముందు లోపలి ఖాళీలు: కాళ్ల మధ్య సందులు, కొమ్ముకూ చెవికీ నడుమ చిన్న త్రికోణం. చుట్టూ కాగితం ఉన్నంతసేపే పట్టుకోవడానికి చోటుంటుంది. బయటి గీత కోసేశాక సందులోకి బ్లేడు దింపితే సన్నటి కాలు చిరుగుతుంది. సందులకు కొన విరిచే బ్లేడున్న కట్టరు వాడండి, కింద గాజు పలక గానీ పాత లినోలియం ముక్క గానీ. బ్లేడు కాగితాన్ని ఈడుస్తోందనిపించిన క్షణమే కొన విరిచెయ్యండి. బ్లేడు పొదుపు చేసినవాళ్ల కొలాజ్‌లో అంచులన్నీ నూలుపోగుల్లా ఉంటాయి. కత్తెరతో కోసేటప్పుడు కత్తెర పట్టిన చెయ్యి కదలకూడదు, ఎడమచేతిలోని కాగితం తిరగాలి.

బొచ్చు ఉన్నచోట నున్నటి గీత వద్దు. కత్తెర మొనతో బొచ్చు వాలిన దిక్కుకు రెండు మిల్లీమీటర్ల గంట్లు పెట్టుకుంటూ పోతే చాలు. అంతా పెట్టనక్కర్లేదు, గడ్డం, తోక, మెడ వెనక పెడితే మిగతాది కన్ను పూరించుకుంటుంది. కోశాక అంచు తెల్లగా మెరుస్తుంది, చూసేవాడికి కత్తెర కనిపించేది ఆ తెలుపులోనే. ముక్కను తిరగేసి, వెనక నుంచి అంచు మీదుగా మెత్తటి పెన్సిలు ఒకసారి లాగండి. నల్ల స్కెచ్ పెన్ను పెడితే అంచు కాటుక పెట్టినట్టుంటుంది, అది ఇంకా చెడ్డది.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్లు చేయి, మోచేయి, కాలు విడివిడిగా కోసి దారంతో ముడేస్తారు, అప్పుడే బొమ్మ ఆడుతుంది. ఆ పద్ధతి మనకు అతికించేముందు దాకా పనికొస్తుంది. మేకను ఒకే ముక్కగా ఉంచకుండా తల, మెడ, ఒళ్లు, కాళ్లు అని ఆరేడు ముక్కలు చేసి, థర్మాకోల్ మీద గుండుసూదులతో గుచ్చి తిప్పి చూడండి. తల పది డిగ్రీలు కిందికి వాలితే మేస్తున్నట్టు, పైకి లేస్తే ఎవరినో చూసినట్టు.

అతుకు ఎక్కడ పడాలి? ఇక్కడికి అహోబిలం వస్తుంది. నరసింహుడి విగ్రహంలో సింహం ఎక్కడ ఆగి మనిషి ఎక్కడ మొదలయ్యాడో వేలు పెట్టి చూపించడం కష్టం. జూలు భుజాల మీద పడుతుంది, దాని కింద హారాలు. అతుకు ఉండాల్సిన గీత మీద ఎప్పుడూ ఏదో ఒకటి కప్పి ఉంటుంది. శిల్పికి తెలిసిన ఆ కిటుకే మనకూ: ఉత్త చర్మం మీద అతుకు వేయకూడదు, ఎట్లాగూ గీత ఉండే చోట వేయాలి. చొక్కా కాలరు, తుండుగుడ్డ, వాచీ పట్టా, కాలి కడియం, పూలదండ అన్నీ అందుకే ఉన్నాయి. మనిషి ఒంటి మీద ఎద్దు తల పెట్టాలంటే తుండుగుడ్డ ఉన్న ఫొటో వెతుక్కోండి. గుడ్డను విడిగా కోసి, ఒంటి మీద తల అతికించాక, ఆ పైన గుడ్డ అతికించండి. గుడ్డ కింద సెంటీమీటరు దాకా తేడా ఉన్నా ఎవరికీ తెలియదు.

నీడ రెండిటికీ ఒకే పక్క ఉండాలి. లేకపోతే ఒకదాన్ని అద్దంలోలా తిప్పి ప్రింటు తీయించవచ్చు, మేకను తిప్పినా మేకకు తెలియదు. మనుషులను తిప్పేటప్పుడు జాగ్రత్త. ఎడమ భుజం మీది పైట కుడికి పోతుంది, చొక్కా గుండీలు అటువైపుకు మారతాయి, వాచీ చెయ్యి మారుతుంది. ఇంట్లోవాళ్లకు ఎందుకో తెలియకుండానే 'ఇది అమ్మలా లేదే' అనిపిస్తుంది. జంతువునే తిప్పండి.

ఫొటో తీయలేని జంతువు సంగతేమిటి? కడప వాళ్లకు ఆ ప్రశ్నకు పేరు కూడా ఉంది, కలివికోడి. 1848లో జెర్డన్ అనే పక్షుల శాస్త్రవేత్త లోకానికి చెప్పిన పక్షి, 1900 తర్వాత పోయిందనే అనుకున్నారు, 1986 జనవరిలో కడప జిల్లాలోనే మళ్లీ కనపడింది. దాని కోసమే లంకమల్ల అడవిలో అభయారణ్యం ఏర్పడింది. రాత్రిపూట ముళ్లపొదల నడుమ తిరిగేది. ఫోను టార్చి పట్టుకుని దాని వెంటపడటం నేరం, అంతకుమించి పాపం. నెట్‌లో దొరికే నాలుగైదు ఫొటోలు ఎవరివో. అప్పుడే కొలాజ్ ఫొటోగ్రఫీ కన్నా ముందుకు పోతుంది, ఎందుకంటే పక్షిని తీయకుండానే పక్షిని కట్టవచ్చు.

గుర్తులు ఇవి: దాదాపు 27 సెంటీమీటర్ల పొడవు, ముదురు నెత్తి, కంటి మీదుగా వెనక్కి పోయే వెడల్పాటి లేతపట్టీ, గొంతు దగ్గర ఇటుకరంగు మచ్చ, రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు, తెల్లటి పొట్ట, పొడుగాటి పాలిపోయిన కాళ్లు. వీటిలో ఒక్కదానికీ పక్షి ఫొటో అక్కర్లేదు. ఒంటికి వెలిసిపోయిన స్టూడియో తెర ముక్క, ఆ వెలిసిన ఛాయ పక్షి ఒంటికి సరిగ్గా సరిపోతుంది. కంటి మీది పట్టీకి తాత చొక్కా కాలరు. పొట్టకు ఆయన పంచె. రొమ్ము పట్టీలకు పంచె అంచు, ఐదు మిల్లీమీటర్ల వెడల్పున రెండు, కాస్త వంపుగా. కోస్తే కాదు, చింపితే ఈకలా వస్తుంది. కాగితాన్ని చింపినప్పుడు రెండు ముక్కల్లో ఒకదానికి తెల్లటి నూగు అంచు వస్తుంది, ఇంకోదానికి రాదు. వ్యర్థకాగితం మీద ఒకసారి చింపి ఏ చేతిలోది ఏదో చూసుకోండి. ఇక్కడ నూగు ఉన్నదే కావాలి. కాళ్లకు చెనక్కాయ చెట్టు ఎండుకాడ ఫొటో. గొంతు మచ్చ ఒక్కటే రంగు కాగితం. కన్ను పెద్దది, నల్లది, తాత కోటు గుండీ. 70 శాతం సైజు ప్రింట్లోంచి తీస్తే సరిపోతుంది. కన్ను కొంచెం పెద్దదైనా పరవాలేదు, రాత్రి పక్షి. కాళ్లు మాత్రం పొట్టి పడితే కౌజుపిట్ట అయిపోతుంది.

మనుషులకూ జంతువులకూ జత కలిపేటప్పుడు తెలుగులో ఉన్నామని మరిచిపోకూడదు. మన భాషలో సగం తిట్లు జంతువులే. గాడిద, దున్నపోతు, కుక్క, గొర్రె... ఎంత ప్రేమతో బాబాయి పక్కన గాడిదను పెట్టినా పెళ్లిలో అది తిట్టుగానే చదువుతారు. గాడిద అందమైన జంతువు, దాని చెవులంత మంచి ఆకారం మేకకు లేదు. అయినా సరే, ఫొటోలోని మనిషి బతికుంటే ముందు చూపించి అడగండి. పోయినవాళ్ల విషయంలో ఇంకాస్త ఆగాలి. దండ వేసి గోడకు పెట్టిన ఫొటోను కొలాజ్‌కు వాడొద్దనే నా మాట, అదే మనిషి ఇంకో ఫొటో వాడుకోవచ్చు.

బోర్డు సంగతి. 300 జీఎస్‌ఎం కార్డు ఏ4 వరకే. ఏ3 అయితే 3 మిల్లీమీటర్ల ఎమ్‌డీఎఫ్ చెక్క మేలు. న్యూస్‌పేపరు ముక్కలు వాడాలనిపిస్తే వాటిని కూడా జిరాక్సు తీసి వాడండి. ఆ కాగితంలో లిగ్నిన్ ఉంటుంది, వెలుతురుకు పసుపెక్కి పెళుసుబారుతుంది. ముక్కలన్నీ పొడిగా పరిచి, ఫోనులో ఫొటో తీసి, ఒక్కోదాని వెనక పెన్సిలుతో నంబరు వేసి, ఒక రాత్రి వదిలేయండి. ఫ్యాను ఆపడం మరిచిపోకండి.

జిగురు మూడు వంతులు తెల్ల ఫెవికాల్, ఒక వంతు నీళ్లు. ఏ3కి నాలుగైదు టీస్పూన్లకు మించి పట్టదు. మే నెలలో మధ్యాహ్నం నలభై దాటిన ఎండలో, పొడిగాలిలో ఈ పని పెట్టుకుంటే బ్రష్షు రెండో చివరకు చేరేలోగా మొదటి చివర తోలు కడుతుంది. ఆ తోలు మీద కాగితం అంటుకున్నట్టే ఉంటుంది, పట్టదు. పొద్దున తొమ్మిది లోపల ముగించండి, లేదా రాత్రి. పెద్ద ముక్కలు ముడతలు పడటానికి కారణం జిగురు ఎక్కువవడం కాదు, తొందర. కాగితం తడవగానే సాగుతుంది, సాగడం పూర్తవకుండా బోర్డు మీద వేస్తే అక్కడే సాగి ఉబ్బుతుంది. వెనక జిగురు రాసి ఒక నిమిషం ఆగండి, అంచులు ముడుచుకుని మళ్లీ చదునవుతాయి, అప్పుడు వేయండి. బటర్ పేపరు పైన పెట్టి, పాత ఏటీఎం కార్డుతో మధ్య నుంచి బయటికి తుడవండి. బుడగ మిగిలితే సన్న సూదితో ఒక్క గుచ్చు. బొమ్మలో వెనక ఉండేవి ముందు అతికించాలి, ముందు ఉండేవి తర్వాత.

మైదా జిగురు సినిమా పోస్టర్లకు దిట్టం. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం వేస్తారు, అది విషం, పిల్లలున్న ఇంట్లో కలపొద్దు. కలపకపోతే ఏడాదిలో బొద్దింకలు తాత చెవి తినేస్తాయి. జిగురు పుల్ల (గ్లూ స్టిక్) చిన్న ముక్కలకు సరే, సీమ ఎండకు ఎండి ఊడుతుంది. తుమ్మబంక పెళుసై పగులుతుంది. సెలొటేపు పసుపై కారుతుంది. ఫెవిక్విక్ చుట్టూ తెల్లటి పొగ మరక వదులుతుంది.

ఆరేటప్పుడు బరువు కావాలి, అది మన ఊళ్లలో కొనక్కర్లేదు. కడప బండ, లేదా బేతంచెర్ల బండ తుంట. అడుగు వెడల్పు, అడుగున్నర పొడవు, అంగుళం మందం ఉంటే తొమ్మిది పది కిలోలు తూగుతుంది, ఏ3 మొత్తాన్ని కప్పుతుంది. నున్నటి వైపు కిందికి. బండను ఎండలోంచి నేరుగా తెచ్చి పెట్టకండి, వేడికి టోనరు మెత్తబడి పై కాగితానికి అంటుతుంది. మధ్యలో బటర్ పేపరు, దాని మీద తెల్లకాగితాలు. అరగంటకు కాగితాలు మార్చి, మళ్లీ బండ పెట్టి రాత్రంతా వదలండి. కార్డు మీద చేసినదైతే ఆరాక అతికించిన వైపుకు వంగుతుంది. వెనక వైపు కూడా అదే సైజు కాగితం ఒకటి అతికిస్తే రెండు లాగుళ్లూ సమానమై చదునుగా నిలుస్తుంది. పూర్తయిన దాన్ని మెత్తటి ప్లాస్టిక్ కవరులో దాచొద్దు, కొన్నాళ్లకు కవరు తీస్తే నలుపు కవరుతో వస్తుంది. ఫ్రేము కట్టేటప్పుడు అద్దానికీ బొమ్మకూ నడుమ సన్నటి మౌంటు పట్టీ పెట్టమనండి. పడమటి ఎండ పడే గోడ వద్దు.

హక్కుల మాట ఒక్కటి. మన దేశంలో ఫొటోగ్రాఫరు బతికున్నన్నాళ్లూ, ఆ తర్వాత 60 ఏళ్లూ ఫొటో మీద హక్కు ఉంటుంది. 2012 సవరణ తర్వాత ఫొటోలకూ అదే లెక్క. నెట్ సింహాన్ని తిప్పినా, రంగు మార్చినా అది మీది కాదు. కానీ డబ్బిచ్చి స్టూడియోలో తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, 1957 చట్టం 17వ సెక్షన్ ప్రకారం తొలి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. అవ్వాతాతల పెళ్లి ఫొటో ఇంటిదే, నిన్న తీసిన మేక ఫొటో మీదే.

బొమ్మను గోడకెక్కించేముందు వెనక పెన్సిలుతోనే రాయండి, పెన్ను సిరా కాగితంలోకి దిగుతుంది. ఎవరి చెయ్యి, ఏ పెళ్లినాటి చీర, ఏ వీధి మేక, ఏ సంవత్సరం. ఎమ్‌డీఎఫ్ అయితే చిన్న కాగితం మీద రాసి అతికించండి. మేక పేరు తెలిస్తే అదీ రాయండి, మేపేవాళ్లు చెబుతారు.